మోత్కూరుకు తెలియని యాదన్న గిటారు

నాకు గిటారు పట్టడం నేర్పింది యాదన్న. నేర్పాడనడం కూడా పెద్ద మాటే. హైదరాబాద్‌లోని ఓ చిన్న హోటల్లో శనివారం సాయంత్రాలు ఆయన బ్లూస్ వాయిస్తుంటే, ముందు బల్ల దగ్గర కూర్చుని ఆ వేళ్ళనే చూసేవాణ్ణి. అమెరికా నల్లజాతి కూలీల కష్టాల్లోంచి పుట్టిన సంగీతం ఆ చేనేత ఇంటి మనిషి చేతిలో అచ్చం మన ఏడుపులాగే వినిపించేది. గుండెపోటుతో పోయాడని తెలిసి నమ్మలేకపోయాను. మూడో రోజు కార్యానికైనా అందుకోవాలని బయల్దేరాను.

ఉప్పల్‌లో పొద్దున్నే తొర్రూరు బస్సెక్కితే భువనగిరి, వలిగొండ మీదుగా రెండున్నర గంటల్లో మోత్కూరు. టికెట్టు రెండొందల లోపే. బస్టాండులో ఆటో అతన్ని యాదన్న ఇల్లు అడిగాను.

"పట్నంల చీరల దుకాణంల పనిచేసే యాదన్ననా? అందరు బొందలగడ్డకే పోయిన్రు, ఎక్కు సారు."

చీరల దుకాణం సంగతి నేనెప్పుడూ వినలేదు. పగటి ఉద్యోగమేమో అనుకున్నాను.

శ్మశానంలో విస్తట్లో మటన్, కల్లు, బీడీలు పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలిపోయినట్టే. ఎండ ముదురుతున్నా కాకులు చెట్టు దిగడం లేదు. యాదన్న భార్య సుగుణక్క బిక్కచచ్చిపోయి చూస్తోంది.

ఆమె తమ్ముడు నన్నడిగాడు. "పట్నంల దోస్తులంటిరి గద సారు, బావకు ఇంకేమన్న ఇష్టముండెనా?"

"గిటారు," అన్నాను తడుముకోకుండా.

అందరూ నావైపు తిరిగారు.

"గిటారేంది?" అంది సుగుణక్క. "పెండ్లికి ముందు బ్యాండుల తిరుగుకుంట తాగుతుండె. మల్ల వాయిస్తె నా బిడ్డను తోల్కపోతనని మా నాయిన మాట తీస్కున్నడు. గప్పటి సంది ముట్టనే లేదు."

ఆయన ఇన్నేళ్ళు దాచుకున్నది, మీద మన్ను ఆరకముందే నేను బయటపెట్టేశాను. ఆమె చెయ్యి చాచింది. "ఉంటె వినిపియ్యి."

హోటల్లో నేను రికార్డు చేసుకున్న ఆయన వాయింపు ఫోన్లో పెట్టాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. తర్వాత విస్తరి దగ్గరికి నడిచి, బతికున్న మనిషిని కసిరినట్టు, "నాకేం కోపం లేదు. ఇగ దాసేదేం లేదు గద, వచ్చి తిను," అంది.

కాసేపటికి కాకి దిగింది. విస్తట్లో మటన్ ముక్క ముట్టింది.

నేనింకా తేరుకోలేదు. యాదన్న గురించి అంతా తెలుసని విర్రవీగేవాణ్ణి. నాకు వారంవారం దొరికిన మనిషి ఆమెకు ఒక్కరోజూ దొరకలేదు.

ఇలాంటి ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఒకటే చిట్కా: రికార్డింగులు మెమరీ కార్డులో వేసుకెళ్ళండి. నేను వేసుకెళ్ళలేదు. సుగుణక్కది బటన్ల ఫోను, కార్డు వేస్తే తప్ప అందులో పాట ఎక్కదు. నా ఫోను చెవికి ఆనించుకుని ఆమె మళ్ళీ మళ్ళీ వింటుంటే తిరుగు బస్సు వెళ్ళిపోయింది. ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.