తమ్రాకు సరిపడా ఎలుక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళకు ఎవరికైనా అంతే కాబోలు. ఒమన్‌లోని అల్ సువైక్ ఊళ్ళో పిట్టలు, చేపలు, వాటి దాణా అమ్మే దుకాణంలో పనికి కుదిరేనాటికి అరబ్బీ ఒక్క ముక్క రాదు, హిందీ సగమే వచ్చు, చిలకల్లో ఆడదేదో మగదేదో చెప్పలేను. అయినా ఎవరేమడిగినా తల మాత్రం గట్టిగా ఊపేవాణ్ణి. (ఆ ఊపుడు చూసే నన్ను పనిలో ఉంచుకున్నారని ఇప్పటికీ నా అనుమానం.) నిజంగా వచ్చిన విద్య ఒక్కటే, గాజుల సైజు చెప్పడం. మా అమ్మ జగిత్యాల దగ్గర అంగళ్ళలో గాజులు అమ్మేది. ఆమె పక్కన కూర్చుని పదేళ్ళకే చెయ్యి చూసి సైజు చెప్పేవాణ్ణి. మణికట్టు సన్నగా ఉందని మోసపోకూడదు, గాజు దాటాల్సింది పిడికిలిని. కొలత ఎప్పుడూ దారిలో అడ్డొచ్చే చోటే తీసుకోవాలి. ప్రపంచంలో ఏ వస్తువుకైనా ఇదే సూత్రమని నా నమ్మకం.

దుకాణం యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన కూతురికి ఒక పెంపుడు పాము ఉండేది. విషం లేని జాతి, ఎర్రటి ఖర్జూరం రంగు, రెండున్నర మూరల పొడవు, బొటనవేలికంటే కాస్త లావు. పేరు తమ్రా, అంటే ఖర్జూరపండే. ఆ అమ్మాయి చదువుకోసం మస్కట్ వెళ్తూ, హాస్టల్లో పాముల్ని ఒప్పుకోరు గనుక, అద్దాల పెట్టెతో సహా తెచ్చి దుకాణం వెనక గదిలో నాకు అప్పజెప్పింది. వారానికో ఎలుక పెట్టాలట. "సైజ్ బరాబర్ దేఖ్‌నా భాయ్," అని కళ్ళు తుడుచుకుంది. సైజు సరిగ్గా చూడమని నాకు చెప్తోంది! "సైజ్ కా టెన్షన్ మత్ లో మేడమ్," అన్నాను. సరైన సైజంటే ఏదని అడగాలని నాకు తోచనే లేదు.

దుకాణం ఫ్రీజర్లో చచ్చిన ఎలుకలు నాలుగు రకాల ప్యాకెట్లలో ఉండేవి. వెంట్రుకలు కూడా రాని గులాబీరంగు పసికూనలు, నూగు వచ్చినవి, గెంతే వయసువి, బాగా ఎదిగినవి. నేను ప్యాకెట్లనూ తమ్రా తలనూ మార్చి మార్చి చూశాను. తల వేరుశనగకాయంత ఉంది. దారిలో అడ్డొచ్చేది అదే కదా! చిటికెనవేలి కొసంత పసికూనను తీసి, వేడినీళ్ళలో మెత్తబరిచి, పట్టకారుతో అందించాను. తమ్రా కన్నుమూసి తెరిచేలోగా మింగేసింది. (పాములకు కనురెప్పలుండవు గాబట్టి, ఆ కన్ను నాదే.) ఎక్కడా పట్టెయ్యలేదు, గీరుకోలేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

వారాలు గడిచాయి. డ్యూటీ అయ్యాక తమ్రా ముందు కూర్చుని ఆ రోజు సంగతులన్నీ చెప్పేవాణ్ణి. ఆ వీధిలో నా తెలుగు వినే ప్రాణి అదొక్కటే. (పాములకు మన మాటలు సరిగ్గా వినబడవని తర్వాత తెలిసింది.) తిన్న వెంటనే అది అద్దానికి ముక్కు రాస్తూ పెట్టెంతా వెతుకుతుంటే, ఆడుకుంటోందని ముచ్చటపడేవాణ్ణి. ఏడో వారానికి దాని వెన్నెముక గీతలా పైకి తేలింది, పక్కల చర్మం మడతలు పడింది. ఆ అమ్మాయి ఇంకో మూడు వారాల్లో సెలవులకు వస్తుంది. ఆమెకు ఫోన్ చేస్తే నా గొప్పతనం బయటపడుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది గానీ, నిజం చెప్పాలంటే, ఆ నోరులేని జీవి నా చేతుల్లో చచ్చిపోతుందేమోనన్న భయమే పెద్దది. మధ్యాహ్నం దుకాణం మూసినప్పుడు అమ్మకు వీడియో కాల్ చేశాను.

అమ్మ ముందు తమ్రాకు దండం పెట్టింది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.

"గిట్ల ఎండిపోయిందేంది బిడ్డా? ఏం పెడుతున్నవ్?"

"వారానికో ఎలుకపిల్ల. చిటికెనేలి కొసంత."

"గంతేనా! పెద్దది దొరకదా?"

"దొరుకుతది. మూతి చిన్నగున్నది గదనే. దాటాలె గద."

అమ్మకు సంగతి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓరి పిచ్చోడా! గాజు చెయ్యి దాటితే పని అయిపోయినట్టే. తిండికి లోపలికి పోయినంకనే పని మొదలైతది. మూతిని జూసి ఏం జేస్తవ్, కడుపు జూడు. నీరుకట్టుపాము కప్పను మింగంగ జూడలేదా? కప్ప దాని తలకాయకంటె పెద్దగ ఉండె గద!"

"అయితే ఇయ్యాల్నే పెద్దది పెడత."

"వద్దు! జరమొచ్చి లేచినోనికి పెట్టినట్టు మెల్లగ పెంచు."

పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటు ఎంతో, ఎలుక కూడా అంతే లావుండాలని పాములు పెంచేవాళ్ళందరికీ తెలుసట. అంగట్లో కూర్చునే మా అమ్మకు ఆ లెక్క సగం తట్టింది, నాకు మాత్రం తట్టలేదు. ఆ వారం నూగు వచ్చినది, పై వారం గెంతే వయసుది పెట్టాను. మూడోసారి సరిపడా ఎలుకను అందిస్తుంటే అమ్మ ఫోన్లోనే ఉంది. తమ్రా నోరు తెరిచింది. దవడలు విడిపోయాయేమో అన్నంతగా తెరిచింది. "చిరుగుతదేమో అమ్మా!" అన్నాను. "నువ్వు కదలకు," అంది అమ్మ. ఎలుక తల, భుజాలు, చివరికి తోక కూడా లోపలికి పోయాయి. పొట్టలో చక్కగా ఒక ఉబ్బు కనబడింది. తమ్రా ఆ రోజు అద్దానికి ముక్కు రాయలేదు. వెళ్ళి చుట్ట చుట్టుకుని పడుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"దాని కడుపు నిండింది," అంది అమ్మ. "మరి నువ్వేం తిన్నవ్ కొడుకా?"

"బిర్యానీ."

"అబద్దం. దానికంటె నీ మెడ బొక్కలే ఎక్కువ కనవడుతున్నయ్."

రూమ్‌లో ఒక్కడికోసం వండుకోబుద్ధి కాక, నెలల తరబడి ఖుబూస్ రొట్టె చాయ్‌లో ముంచుకు తింటున్నాను. అది కూడా, అన్నీ తెలిసినవాడిలాగే.

అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు అంతా ఒప్పుకున్నాను. ముందు కోప్పడింది, తర్వాత గాజుల సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. మళ్ళీ వెళ్ళేటప్పుడు పాముతోపాటు, మా అమ్మకు పంపమని ఒక ఖర్జూరాల డబ్బా కూడా నాకే అప్పజెప్పింది.

ఇప్పుడా దుకాణంలో అందరికంటే పాతవాణ్ణి నేనే. నా నడుము చూసినవాళ్ళెవరూ నేనొకప్పుడు బక్కగా ఉండేవాణ్ణంటే నమ్మరు. అప్పుడప్పుడూ ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాము చిక్కిపోయిందని హడలిపోయి ఇంటికి ఫోన్ చేశాడు గానీ, తాను చిక్కిపోయానని ఒక్కసారీ చెయ్యలేదు. వాడి తెలివితక్కువతనానికి నవ్వొస్తుంది. వాడు ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది, కూర్చోబెట్టి ఇంత వేడి అన్నం పెడుదును.