ఎదురుకాళ్ల మంత్రసాని

మా పేట మంత్రసాని శనివారం పొద్దున్న పోయింది. ఆ కబురు వచ్చేసరికి మా అమ్మాయికి తల దువ్వుతున్నాను. అయ్యో పాపం అనుకోవడానికి ముందే, ఇప్పుడు నా పిల్ల గతేమిటి అనుకున్నాను. అంత స్వార్థం నాది, దాచుకోవడం దేనికి.

అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు. బుధవారమే మంత్రసాని వచ్చి కడుపు తడిమి చూసి, "బిడ్డ ఎదురుకాళ్ల మీదుందండి. బయపడకండి, సోమారం వచ్చి తిప్పేత్తాను" అంది. సోమవారం వచ్చేలోగా ఆమే వెళ్లిపోయింది.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు పక్కన ఇరుకు పేట మాది. కాపురానికొచ్చి ఇరవయ్యేళ్లయినా నాకు తెలిసింది మా వీధి, స్నానాల రేవు, అంతే. తక్కిన పేటంతా ఆమె నోట విన్నదే. మా పిల్లలకు నీళ్లు పోస్తూ చెప్పేది. సాలెవాళ్లు బాలింతకు పెట్టే కాయం మందులో పిప్పళ్లు ఎక్కువ వేస్తారట. పడవవాళ్లు పాలు పడాలని సొరచేప పెడతారట. కిరస్తానీ వీధిలోనూ అదే కాయం, కాకపోతే ప్రార్థన అయ్యాకే ముద్ద నోట్లో పెట్టుకుంటారట. రైలు వంతెన పనికి వచ్చిన కూలీల గుడిసెల్లో ఏమీ ఉండదు గనక, తనే ఇంటింటా అడిగి శొంఠీ బెల్లం పట్టుకెళ్లేది. ఏ వీధి ఎప్పటిదని అడిగితే, అక్కడ మొదటి పురుడు ఎవరికి పోసిందో చెప్పేది. ఇంతమంది మధ్య బతుకుతున్నానని నాకు తెలియజెప్పిన మనిషి ఆమే.

ఆమె కూడా ఎదురుకాళ్లతో పుట్టిందట. అలాంటివాళ్లు తంతే నడుంనొప్పి పోతుందని మన నమ్మకం కదా. పేటలో ఆమెచేత తన్నించుకోని నడుం లేదు. మడీ ఆచారం అంటూ మమ్మల్ని హడలగొట్టే మా అత్తగారు కూడా పశువులపాక వెనక్కి వెళ్లి తన్నించుకుని, వెంటనే నూతి దగ్గర నాలుగు చేదలు గుమ్మరించుకునేవారు. "పెద్దమ్మగారి నడుం నాకు బాగా తెలుసండి" అని మంత్రసాని నవ్వేది.

బిడ్డను తిప్పడం తెలిసింది ఇప్పుడు ఆమె కోడలికొక్కదానికే. ఆ పిల్లకేమో మైల. పదిరోజులు ఎవరి గడపా తొక్కకూడదు. మా అమ్మాయి అన్నాళ్లు ఆగేలా లేదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పోయిన మనిషికోసం ఏడవడం కూడా కుదరలేదు. సోమవారం నేనే వాళ్లింటికి వెళ్లాను. అత్త పోయి మూడోనాడు ఆ పిల్లను రమ్మనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

కోడలు తల దించుకుని, "మైలండి. పైగా నేనొక్కదాన్నీ ఎప్పుడూ తిప్పలేదండి. అత్త చెయ్యి పక్కనుండేదండి" అంది.

"అంటితే మాకే అంటుంది, రా" అన్నాను.

ఆ పిల్ల నా వెంట మా ఇంటికి వచ్చింది. మా అత్తగారు పూజగది గుమ్మంలోంచి చూశారు. గుమ్మం దాటి ఇవతలికి రాలేదు. కోడలు ఆముదం రాసి, రెండు చేతులూ కడుపు మీద ఆనించి మెల్లగా నెట్టడం మొదలుపెట్టింది. అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. లోపల బిడ్డ కాస్త కదిలి, ఆగి, మళ్లీ కదిలింది. కోడలి నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది, చేతులు తియ్యడానికి వీల్లేదు. అప్పుడు మా అత్తగారు వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుని, తన మడిచీర చెంగుతో ఆ చెమట తుడిచారు.