బోణీకి రెండో టేకు

మొన్న ఆదివారం ఇంజనీరింగు చదువుతున్న మా తమ్ముడి కూతురు, కాలేజీలో గ్రూపు ప్రాజెక్టుకి చిన్న సినిమా తీయాలంటూ నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని మా ఇంటిమీద పడి, నన్ను వంటింట్లో నిలబెట్టి గ్లాసులోకి టీ పోయమంది. పోశాను. వెలుగు చాల్లేదని ఒకసారి, వీధిలో కుక్క మొరిగిందని ఒకసారి, నేను ఫోను వంక చూసి నవ్వానని ఒకసారి, అలా పదకొండుసార్లు పోయించింది. ఆఖరికి టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఇంకొక్క టేకు అత్తా అని ఆ పిల్ల గారాలు పోతూ అడిగినప్పుడల్లా నాకు లోపల కలుక్కుమంటూనే ఉంది. రెండో టేకు అంత సులువుగా దొరకని రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. నాకైతే ఒక్క టేకు ఇన్నేళ్ళుగా గుర్తుంది.

నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న రోజులవి. మా ఇంగ్లీషు మాస్టారికి షేక్స్పియరు మీద కంటే సినిమా మీద ప్రేమ ఎక్కువ. ఒక ఏడాది ఆయన మా అయిదుగురిని పోగేసి, సినిమా ఎలా తీస్తారో పుస్తకంలో చదివితే రాదు, తీసి నేర్చుకోండి, ఒక మనిషి ఒక రోజు పని పది నిమిషాల్లో చూపించండి అన్నారు. మా జట్టుకి నాయకుడు విజయనగరం కుర్రాడు, మంచివాడే, కాస్త హడావిడి మనిషి. వాడి మేనమామకి ఫోటో స్టూడియో ఉంది, అందులో పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా ఉంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గనక ఆ నెల్లాళ్ళూ మీరు వాడుకోండి, శ్రావణం వచ్చిందా మళ్ళీ నా కెమెరా నాకే అని ఆయన ముందే చెప్పేశాడు.

ఆ స్టూడియోలో ఆయన దగ్గరే మా అక్షరాభ్యాసం జరిగింది. కెమెరా భుజానికెత్తుకుని ఊపిరి బిగబట్టడం, సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవడం, మీట నొక్కాక మనసులో అయిదు లెక్కపెట్టి గాని మనిషిని కదలమనకపోవడం, ఊరికే దగ్గరికీ దూరానికీ లాగకపోవడం, ఇవన్నీ ఆయన విసుక్కుంటూనే నేర్పాడు. తీసింది కత్తిరించి అతికించే సదుపాయం మాకు లేదు. కాబట్టి తీసిన వరసే సినిమా. మొదటి షాటు పడితేనే రెండోదానికి వెళ్ళాలి. నాకు అప్పగించింది నోటుపుస్తకం పని. ఎవరు ఏ చేత్తో ఏం పట్టుకున్నారు, కొంగు ఏ భుజం మీద ఉంది, ఇవి రాసుకోవాలి. చూసింది చూసినట్టు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని మాస్టారు మెచ్చుకునేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మాది నౌపడకి అవతల సముద్రపు ఒడ్డు ఊరు. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు, నానమ్మ ఎండుచేపల తట్ట ఎత్తుకుని పాసింజరు బండెక్కి సంతలు తిరిగేది. నా ఫీజు కట్టింది ఆ తట్టే. కాలేజీలో మాత్రం మావాళ్ళది ఉప్పు వ్యాపారం అని చెప్పుకున్నాను. హాస్టల్లో ఒక పిల్ల నా పెట్టె దగ్గర ముక్కు మూసుకున్న రోజున పుట్టిన అబద్ధం అది. ఆ తర్వాత దాన్ని నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు చదువు మీద పెట్టి ఉంటే క్లాసు ఫస్టు వచ్చేదాన్ని.

మా జట్టువాళ్ళు చీపురుపల్లి సంతలో తీద్దామన్నారు. నానమ్మ అక్కడికీ వస్తుందని తెలిసినా, వీళ్ళు ఏ కూరగాయల దగ్గరో ఆగిపోతారులే అని సరిపెట్టుకున్నాను. మా నాయకుడు సంతంతా ఒక చుట్టు తిరిగి, ఎండుచేపల వరసలో పెద్ద ముక్కుపుడక, నుదుటి మీద పచ్చబొట్టు ఉన్న ముసలమ్మ ముందు ఆగి, ఈవిడ ముఖం చూడండర్రా అన్నాడు. ఆవిడ నన్ను చూసి నోరు తెరిచింది. నేను తల తిప్పేసుకున్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, మా అందరినీ కలిపి, "ఏ ఊరోళ్ళమ్మా మీరు? ఏటి తీత్తారు?" అని అడిగింది.

సినిమా బోణీతో మొదలవ్వాలని అనుకున్నాం. నానమ్మ బోణీ చూడవలసిందే. మొదటి బేరం నోటు రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, ఒకసారి తట్టకి తాకించి రొంటిన దోపేది. ఆ రోజు అదంతా చక్కగా జరిగింది గాని కెమెరా కదిలిందని, ఇంకోసారి చెయ్యమ్మా అని కెమెరా పట్టిన మా నాయకుడు అడిగాడు. "బోణీ ఒక్కపాలే అవుతాది బాబూ. రెండోపాలి సేత్తే అది బోణీ కాదు, ఏసం" అంది. మావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ పట్టుదల నాకు తెలుసు. చిన్నప్పుడు నేను సరదాపడి చిల్లరతో మొదటి బేరం చెయ్యబోతే నా చేతిమీద ఒక్కటిచ్చింది. ఇంటి మనిషి చేతి బోణీ ఆవిడ దృష్టిలో బోణీయే కాదు; అలా చేస్తే ఆ పూట సరుకు కదలదని గట్టి నమ్మకం.

సాయంత్రం స్టూడియోలో టేపు పెట్టి చూస్తే సంత లేదు, నానమ్మ లేదు. బురద, మా చెప్పులు, మా కబుర్లు. మీట ఒకసారి నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే ఆపు. మావాడు మొదట్లోనే ఒక నొక్కుడు తప్పడంతో, తీస్తున్నాననుకున్నప్పుడల్లా ఆపి, ఆపాననుకున్నప్పుడల్లా తీశాడు. మేనమామ కడుపు పట్టుకుని నవ్వాడు. పై వారం సంతే ఆషాఢంలో ఆఖరిది.

ఆ వారం తుంపర. కెమెరా చూసి పన్ను వసూలువాళ్ళనుకున్నారో ఏమో, కొనేవాళ్ళు ఆ వరసకే రావడం మానేశారు. మా బండి వేళ దగ్గరపడుతోంది, నానమ్మకి బోణీ కాలేదు, మా సినిమా మొదలవ్వలేదు. అప్పుడు మా నాయకుడు నా చేతిలో నోటు పెట్టి, "నువ్వే కొనీ. సినిమాలో ఎవులకి తెలుస్తాది?" అన్నాడు.

ఈమె మా నానమ్మ, నా చేత్తో బోణీ చెయ్యకూడదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చిందని మీకు చెప్పుకోవాలనుంది గాని, అదీ అబద్ధమే అవుతుంది. వెళ్ళి కూర్చున్నాను. నానమ్మ నా ముఖం చూడలేదు, నా చేతినే చూసింది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆవిడ నెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు రెండు గుప్పిళ్ళు ఆకులో పోసి, పైన కొసరు వేసి, నా నోటు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుని తట్టకి తాకించింది. "ఎల్లిరా తల్లీ, మంచి బేరం సేసినావు" అంది, పరాయి పిల్లతో అన్నట్టే. మీట ఈసారి సరిగ్గా పడింది.

మిగతావన్నీ చకచకా తీసేసి స్టేషనుకి వచ్చాం. ఎదురు ప్లాట్ఫారం మీద నానమ్మ తట్ట పక్కన కూర్చుని ఉంది. కిందకి దింపినప్పుడు ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది, పొద్దున తెచ్చినంత బరువుగానే ఉంది. బండి కదిలేదాకా ఆవిడ నా వంక చూడలేదు. నేను చూస్తున్నానని ఆవిడకి తెలుసు.

కాలేజీలో సినిమా వేసిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కొనే అమ్మాయి తల ఎత్తలేకపోవడం ఎంత సహజంగా ఉందో చూడండి అని మాస్టారు నా షాటు రెండుసార్లు వేయించారు. దసరా సెలవలకి ఇంటికి వెళితే నానమ్మ అడిగింది ఒక్కటే, "బొమ్మ సరిగ్గా పడ్డాదా?" అని. పడిందన్నాను. క్షమించమని అడగలేదు. తర్వాత అడుగుదాంలే అనుకున్నాను, ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్ళో లేదు. ఊపిరి బిగబట్టడం, అయిదు లెక్కపెట్టడం అన్నీ మరిచిపోయాను గాని, నోటుపుస్తకంలో ఆ షాటు ఎదురుగా కొనే అమ్మాయి అని నన్ను నేనే రాసుకోవడం మరిచిపోలేదు.

ఈ మధ్య పనిమీద చీపురుపల్లి వెళ్ళి, కాళ్ళు లాగితే సంతలోకి నడిచాను. ఎండుచేపల వరస ఇంకా ఉంది. ప్రతి తట్ట ముందూ ఫోనుతో డబ్బు కట్టే గళ్ళ అట్ట నిలబెట్టి ఉంది. బేరం అవగానే ఒక చిన్న డబ్బా డబ్బు అందిందని పైకి చెబుతోంది. కళ్ళకద్దుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. ఒకామె దగ్గర నెత్తళ్ళు తీసుకుని, ఇక్కడే మా నానమ్మ కూర్చునేది, ఎండుచేపలు అమ్మి నన్ను చదివించింది అని, పక్కవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను. ఆమె నవ్వి, ఎంతో ఆదరంగా, "ఏ ఊరమ్మా? మీ నానమ్మ పేరేటి?" అని అడిగింది. చెప్పాను. వరస చివరిదాకా ఆ పేరు అడిగి చూసింది పాపం. తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.