సగం మైదానం నాదే

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో ఫుట్‌బాల్‌కు కావలసినవన్నీ ఉండేవి, ఒక్క బూట్లు, గోలుపోస్టులు, గాలి నిలిచే బంతి తప్ప. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. బడిలో ఉర్దూ పోతున్నదో తెలుగు వస్తున్నదో పంతుళ్ళకే అంతుపట్టక ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు చెప్పేవారు. మాకు ఏదీ సరిగ్గా రాదు కాబట్టి పెద్దగా నష్టం జరగలేదు. నాకు మాత్రం ఒక పని బాగా చేతనయ్యేది. మాది పెన్‌పహాడ్ దగ్గర గొర్ల మంద ఉన్న ఇల్లు; బడి కోసం నేను సూర్యాపేటలో గదిలో ఉండేవాణ్ణి. పక్కవాళ్ళ చేలో పడబోయే పొట్టేలు మీదికి దూకి వెనకకాలు దొరకబుచ్చుకోవడం నాకు నడక కంటే ముందే వచ్చిందని మా అమ్మ చెప్పేది (అమ్మలు చెప్పేవాటిలో సగం తీసేయాలి). ఆ దూకుడు చూసే బావుల దొర నన్ను గోల్‌కీపర్ని చేశాడు.

బావుల దొర అంటే మిషన్ కాంపౌండులో ఉంటూ ఊరూరా బావులు తవ్వించే ముసలి ఇంగ్లీషాయన. పడుచుతనంలో వాళ్ళ దేశంలో బొగ్గుగనుల ఊరి జట్టుకు ఆయన గోల్‌కీపరట. ఆ కాలంలో కీపర్ బంతి పట్టుకుంటే ఎదుటివాళ్ళు భుజంతో గుద్ది, బంతితో సహా గోల్లోకి నెట్టేయవచ్చట. ఆయనను చాలాసార్లే నెట్టారని వేళ్ళు చూస్తే తెలిసిపోయేది. చూపుడువేలు తుంగతుర్తి దారి చూపిస్తే చిటికెనవేలు పాలకీడు దారి చూపించేది. ఒక పెనాల్టీని ముఖంతో ఆపి ముందుపళ్ళు పోగొట్టుకున్నాడట, ఊరంతా భుజాలమీద మోసిందట. చివరికి భుజం విరిగింది, ఆట ఖతమైంది, దేవుడు పిలిచాడు, ఓడెక్కాడు. (భుజం విరిగేదాకా దేవుడు ఎందుకాగాడని దొరగారి వంటమనిషిని నేను అడిగితే గరిటె చూపించాడు.)

ఆయన తెలుగు నేర్చుకున్నది పాత బైబిల్లోంచి. అందుకే ఆట నేర్పినా ప్రవక్త పలికినట్టే ఉండేది. "కుమారుడా, గోలునొద్ద నిలిచియుండకుము. సగము మైదానము నీది. బయలువెళ్ళి బంతిని నీ చేతులతో పట్టుకొని, నేలకు కొట్టుచు ముందుకు సాగుము." ఆ భాషలో చెబితే ఎదురు అడగడానికి భయం వేసేది. ఫుట్‌బాల్ అంటే ఇదే కాబోలనుకున్నాం.

మిర్యాలగూడ జట్టుతో పందెం కుదిరిన వారంలోనే మా నాయిన నన్ను చూడడానికి వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "అరేయ్, గొర్లు కాసేటోనివి, గీ గోలు కాసుడేందిరా? సదువుకొమ్మని తోలితే ఈడికొచ్చి కావలి కొలువు జేస్తున్నవా?"

"కొలువు కాదు నాయినా, ఆట. జర వచ్చి సూడు."

"సూస్త. నచ్చకపోతె మాత్రం మూట గట్టు. నాతోని మందకాడికి నడువు, సదువు బంద్."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. చదువు అంతంతమాత్రమే కానీ బడి అంటే ప్రాణం. పందెం పోయినా పరవాలేదు, నాయినకు నా ఆట నచ్చాలని ఆ రాత్రి దొర దేవుడికీ మా దేవుడికీ కలిపి మొక్కుకున్నాను.

రెఫరీగా కోదాడ నుంచి ఒక కుర్ర పంతులును పిలిపించారు, ఎటూ మొగ్గడని. ఆట మొదలైన కాసేపటికే మిర్యాలగూడవాళ్ళు బంతి తన్నుకుంటూ మా గోలు వైపు వచ్చారు. నేను సున్నపు గీతలన్నీ దాటి ఎదురు పోయి, పొట్టేలు మీదికి దూకినట్టే దూకి, రెండు చేతులతో వాటేసుకున్నాను. లేచి, నేలకు కొట్టుకుంటూ సగం మైదానం దాకా పరిగెత్తాను. అవతలివాళ్ళూ రెఫరీ కూడా నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు. అక్కడినుంచి ఒక్క తన్ను తంతే బంతి వాళ్ళ గోల్లో పడింది! మావాళ్ళు గంతులేశారు. దొర టోపీ పైకెగరేశాడు.

అప్పుడు విజిల్ మోగింది. "ఏంటయ్యా ఇది? చేత్తో ఎత్తుకొచ్చేస్తున్నావేంటి? గోలు ముందున్న ఆ పెట్టె గీత దాటితే కీపరైనా సరే, చెయ్యి తగలకూడదు!"

దొర మైదానంలోకి వచ్చేశాడు. "న్యాయాధిపతీ, ఇది అన్యాయము. నా యౌవనమంతయు నేను ఈలాగుననే ఆడితిని."

పంతులు జేబులోంచి చిన్న రూల్సు పుస్తకం తీశాడు. "అదెప్పటి మాటండీ? నేను పుట్టకముందే మార్చేశారు."

దొర అద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "నేను ఓడ ఎక్కిన పిమ్మట మార్చిరి," అన్నాడు మెల్లగా. "నాకెవరును చెప్పలేదు." మావాళ్ళెవరూ నవ్వలేదు. ఆయన పళ్ళు, వేళ్ళు, భుజం పోగొట్టుకుని ఆడిన ఆట ఇప్పుడు ఫౌలు.

ఆ తర్వాత నేను గుంజకు కట్టేసిన మేకలా రెండు కట్టెల మధ్యే నిలబడ్డాను. మిర్యాలగూడవాళ్ళు కొట్టినన్ని గోల్సు కొట్టుకున్నారు. ఆట అయ్యాక మూట కట్టుకోవడానికి గదికి బయలుదేరాను. తిరిగి చూస్తే నాయిన పంతులును నిలేశాడు.

"గిదేం కావలి పంతులూ? మంద ఏడికి వోతే కాపరి గాడికి వోవాలె. రెండు కట్టెల నడుమ నిలవడితె తోడేలు ఒచ్చి దండం వెడ్తదా? దొర సెప్పిందే సక్కంగున్నది."

"రూలండీ. పుస్తకంలో రాసేశారు, నేనేం చేయను?"

"ఎవలు రాసిండ్రు?"

"చదువుకున్నోళ్ళండీ."

నాయిన పంతులు చేతిలోని ఆ పుస్తకం వంక చూశాడు. గొంగడి భుజానేసుకుని నా దగ్గరకొచ్చాడు. "ఈడనే ఉండి సదువుకో బిడ్డా. గా కితాబు మల్ల సక్కంగ రాసినంకనే ఇంటికి రా." పోతూ పోతూ దొర ముందు ఆగి, ఆ వంకర వేళ్ళను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. దానికి తగిన మాట దొరకు పాత బైబిల్లో కూడా దొరకలేదు పాపం.

చదువైతే పూర్తిచేశాను, సర్కారు కొలువూ చేశాను. ఎన్నో ఫైళ్ళు రాశాను గానీ నాయిన చెప్పిన పుస్తకం మాత్రం రాయలేకపోయాను. ఇప్పుడు టీవీలో ఆట చూస్తూ, కీపర్ గీత దగ్గర ఆగిపోతే "పోరా, ముందుకు వోరా!" అని కేకలేస్తాను. "తాతా, ఫౌలైతది!" అంటుంది మనవరాలు. నాకు తెలియదా? అయినా ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ఈ ముసలి మోకాళ్ళు కుర్చీలోంచి లేవబోతాయి.