కంట్లో పెట్టుకున్న వేలు

నా చిన్నప్పుడు మిరపకాయల కాలమొస్తే, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళంతా కల్లాల్లోనే ఉండేవారు. కాన్పులు చేసే మంత్రసానమ్మ కూడా వాళ్ళతోపాటే కూర్చుని తాలుకాయలు ఏరేది. పురుళ్ళు రోజూ ఉండవు కదా, ఆకలి మాత్రం రోజూ ఉంటుంది.

ఒక మధ్యాహ్నం మా అమ్మకు నొప్పులొచ్చాయి. అంతకు ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. అందుకని ఇంట్లో అందరం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాం. నాయనమ్మ కబురు పెడితే మంత్రసానమ్మ కల్లం నుంచి నేరుగా వచ్చింది. వచ్చి లోపలికి పోకుండా పెరట్లో గోలెం దగ్గర చతికిలబడింది. చేతులకు మజ్జిగ పోసుకుంది, నూనె పట్టించింది, సున్నిపిండితో రుద్ది కడుక్కుంది. అదంతా అయ్యాక వేలు తీసుకెళ్ళి తన ఎడమ కంట్లో పెట్టుకుంది. బొటబొటా నీళ్ళు కారాయి. నిట్టూర్చి మళ్ళీ మజ్జిగ అందుకుంది.

లోపల అమ్మ కేకలు. నాయనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఏమే, అక్కడ నా కోడలు చస్తా ఉంటే నీకు ఇప్పుడా సోకులు?" అని అరిచింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. మా నాయనమ్మ తిట్లు కూడా ఆ లెక్కలోవే కాబోలు, ఆవిడ తల ఎత్తలేదు.

నాకు భయంతోపాటు కోపమూ వచ్చింది. కంట్లో ఎందుకు పెట్టుకుంటున్నావని అడిగాను.

"మండితే నాకే మండాలి గదమ్మా. ఒకసారి తొందరపడి ఈ మిరపకాయల చేతుల్తోనే పురిటికి పోయా. ఆ తల్లి అరుపు నాకింకా ఇనపడతానే ఉంటది" అంది, ఓపికలేని గొంతుతో.

ఈసారి కుడి కంట్లో పెట్టుకుంది. మండలేదు. అప్పుడు లేచి లోపలికి వెళ్ళింది.

పొద్దు వాలకముందే తమ్ముడు కేరుమన్నాడు. ఇల్లంతా ఆ గదిలోకి పరుగెత్తింది. అమ్మ బతికింది, బిడ్డ బతికాడు, మాకు ఇంకేం కావాలి? మంత్రసానమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. నాయనమ్మ చాటలో బియ్యం పోసి ఇచ్చింది గాని, ఆ కన్ను సంగతి అడగలేదు. నేను ఎదురుగా నిలబడి చూశాను. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా వారు మూడేళ్ళుగా మంచంలో ఉన్నారు. ఎత్తడం, తుడవడం, మార్చడం. నా నడుం నా మాట వినడం మానేసింది. వచ్చిన చుట్టాలందరూ ఆయన ఎలా ఉన్నారనే అడుగుతారు. తప్పేం లేదు, అడగాల్సిందే. కానీ వాళ్ళు వెళ్ళాక ఆ మంత్రసానమ్మ ముఖం గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఆయనకు కట్టు మార్చడానికి రోజు విడిచి రోజు ఒక నర్సమ్మాయి వస్తుంది. రాగానే మంచం దగ్గరికి పోబోతుంది. నేను పోనివ్వను. ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "నీ ఒంట్లో ఎట్లా ఉందమ్మా?" అని అడుగుతాను. ఆమె చెప్పేదాకా కదలను.