లోయ వాసన

జపాన్‌లోని నగానో కొండల్లో పేరున్న హోటల్ నడిపే నెగిషి, వడ్డనకు ముందు మట్టి అంటిన ముల్లంగిని ప్రతి అతిథి ముక్కు దగ్గరా పెట్టి, కళ్ళు మూసుకుని, "ఇదీ మా లోయ వాసన" అంటాడు. లోయ దాటి వచ్చిన నిమ్మకాయను కూడా వంటింట్లోకి రానివ్వడు. ముల్లంగి పండించే తోమె అనే అవ్వకైతే, కడగకుండానే తెమ్మని ఆజ్ఞ.

ఓ రోజు సరిగ్గా ఆ వాసన చూపించే వేళకే అవ్వ బుట్టతో వచ్చింది. "ఈ మట్టి ఈవిడ చేనిదే!" అన్నాడు నెగిషి. అతిథులు లేచి, వంగి నమస్కరించారు. అవ్వ సిగ్గుపడిపోయింది.

"మట్టితో ఒకరికివ్వడం మర్యాద కాదు కద బాబూ! శుభ్రంగా తోమి కడిగాకే, మీరడిగారని మళ్ళీ పూస్తున్నా. మా చేలోది రాళ్ళమట్టి, అంటుకోదు. అందుకని కొట్లో సంచీ మట్టి కొన్నా. హాలండ్‌దట, ఎంత కమ్మగా ఉందో!"

నెగిషి ముల్లంగి దించలేదు. కళ్ళు మాత్రం ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు.