ఎడమ పక్క పచ్చ

ధర్మవరంలో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిందంటే మగ్గం గుంతలో కూర్చున్నవాడికి పోగు కనబడదు. ఆ వేళ ఈరప్ప ఇంటిల్లిపాదీ తిన్నె మీదికి చేరతారు. ఈసారి సెలవులకు హాస్టలు నుంచి వచ్చిన మనవరాలు లహరి అట్టబిళ్ళల ఆట ఒకటి తెచ్చింది. పచ్చబిళ్ళ అడవి, నీలంబిళ్ళ చెరువు, ఎర్రది నేల. పేరు పైకి చెప్పి, ఏ రంగు బిళ్ళను ఆ రంగు పక్కనే పేర్చుకుంటూ పోవాలి. ఊళ్ళో ఇన్ని ఆటలుండగా ఈరప్ప నెత్తిన పడాల్సింది ఇదేనా!

ఎందుకంటే ఆయన కంటికి పచ్చా నీలమూ ఒకటైపోయి ఏడాది దాటింది. అనంతపురంలో డాక్టరు, ఇది నరానికి సంబంధించింది, ఆపరేషన్‌కు లొంగేది కాదన్నాడు. ఆ మాట ఈరప్ప ఇంట్లో చెప్పలేదు. మీసాలు రాకముందు నుంచీ పట్టు నేసిన మనిషి ఏ మొహం పెట్టుకొని చెబుతాడు? అయినా నేత సాగిపోయింది. భార్య ఆంజినమ్మ పట్టుదారం చుట్టిపెట్టే కండెల్లో పచ్చవి ఎప్పుడూ ఎడమ పక్క, నీలివి కుడి పక్క ఉంటాయి. ఆమె చేతి పొందిక అలాంటిది, నా అదృష్టం బాగుంది అనుకున్నాడు.

ఒక్క చీర మాత్రం చెడింది. ఆంజినమ్మ గోరంట్లకు చెల్లెలింటికి పోయినప్పుడు కోడలు పద్మజ కండెలు చుట్టింది. పచ్చటి చెంగులో నీలం చార పడి చీర వెనక్కి వచ్చింది. కొడుకు హరినాథ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇంకోసారి ఇట్లయితే నువ్వు మగ్గం దిగాల నాయనా."

మగ్గం దిగితే ఈరప్పకు ఇంకేం చేతనవుతుంది?

ఆ పూట పద్మజ పక్కింటికి పోయింది. ఆటలో అవ్వా తాతా ఒక జట్టు, హరినాథ్, కూతురు లహరీ ఒక జట్టు. ఆంజినమ్మ బిళ్ళలు సర్ది భర్త ముందు పెడుతోంది, ఆయన తీసి పేరుస్తున్నాడు. చాప మీద ఏ రంగు ఎక్కడ పడిందో చీర అంచులా గుర్తుపెట్టుకున్నాడు. గెలుపు దగ్గరపడి చెయ్యి మీసం మీదికి కూడా పోయింది.

అంతలో ఆంజినమ్మ మజ్జిగకని లేచింది. తాత ముందు బిళ్ళలు అయిపోయాయని లహరే గుప్పెడు తీసి పోసింది. ఈరప్ప ఎడమ పక్కది తీసి "అడవి!" అని టపీమని పెట్టాడు.

"తాతా! అది చెరువు!" లహరి విరగబడి నవ్వింది.

హరినాథ్ నవ్వలేదు. ఇంకో బిళ్ళ తీసి తండ్రి కళ్ళముందు పట్టుకున్నాడు.

"నాయనా, ఇదేం రంగు?"

ఈరప్ప తేలు కుట్టిన దొంగలా, ఆంజినమ్మ పోయిన వాకిలి వైపు చూశాడు.

మజ్జిగ చెంబుతో వచ్చిన ఆంజినమ్మ మొహాలు చూడలేదు, బిళ్ళలు చూసింది. చూడగానే ఒళ్ళు మండింది.

"ఎవురే వీటిని కలిపింది? పచ్చవి ఎడమ పక్క, నీలివి కుడి పక్క! పద్మజకు చెప్పకుండా పోయినందుకే కదా ఆ చీర అట్లయింది!"

అనేశాక నాలుక కరుచుకుంది. ఈరప్ప ఆమె వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"పోయినేడాది ఉగాదికి నా నీలం చీరను పచ్చగా ఉండాదంటివే, అప్పుడే తెలిసింది. నువ్వు చెప్పుకోల్యాక కుములుతాంటే నేనేమని అడిగేదప్పా?" కొడుకు వైపు తిరిగింది. "చూడు హరీ, నేనుండేంతవరకూ మీ నాయన మగ్గం దిగడు."

హరినాథ్ లహరి పోసిన బిళ్ళల్లో పచ్చవీ నీలివీ ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒకటి తండ్రికి ఎడమ పక్కకు జరిపాడు.

"ఇవి పచ్చవి నాయనా. పద్మజకూ చెప్తాలే. ఆడు."

ఈరప్ప బిళ్ళ తీసుకున్నాడు గానీ పెట్టలేదు. కళ్ళు తుడుచుకొని పెళ్ళాం మీద కసురుకున్నాడు.

"ఏమే, ఇంకోసారి గోరంట్లకు పోతే నన్నూ పిలుచుకొని పో."